నాయిన కుడి భుజం

చేతిలో చుట్ట పెట్టారు. పట్టుకోలేదు. వేళ్ళ సందులోంచి జారి చాప మీద పడితే, నాయినతో వల లాగే యాదయ్య తీసి మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది. "చుట్ట గాదు, కల్లడుగుతాండేమో" అని ఎవరో అంటే ముంతలో తెచ్చి అరచేతిలో నాలుగు చుక్కలు పోశారు. అవి మణికట్టు మీదుగా కారి నేలలో ఇంకిపోయాయి. చెయ్యి మాత్రం అలాగే ఉంది, ఒంటికి జానెడు దూరంగా, అరచెయ్యి పైకి తెరిచి. ఎడమ చెయ్యి చెప్పినట్టు విని రొమ్ము మీదికి వచ్చి పడుకుంది. ఈ కుడి చెయ్యి రావడం లేదు. రెండు బొటనవేళ్ళూ రొమ్ము మీద కలిపి దారంతో కట్టాలి, అది పద్ధతి. మా గాలయ్య పెద్దనాయిన రెండుసార్లు తెచ్చి పెట్టి చూశాడు, రెండుసార్లూ అది గాలిలో కాసేపు ఆగి మళ్ళీ తన చోటికి తాను పోయింది. "సూసిండ్రా, అడుగుతాండు. తీరని కోరికేదో ఉండె మా తమ్మునికి" అన్నాడు పెద్దనాయిన, తువ్వాలతో కళ్ళు ఒత్తుకుంటూ. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. నాయినకు ఏ కోరికా లేదని, ఆ చెయ్యి ఎవరినీ ఏమీ అడగడం లేదని, భుజం గూట్లోంచి ఊడి ఉన్నందుకే అది రావడం లేదని ఈ వాకిట్లో కూచున్న యాభై మందిలో నాకొక్కదానికే తెలుసు. నేను నోరు మూసుకుని నాయిన తల దగ్గర కూచున్నాను.

పొద్దున ఏడింటికి శామీర్‌పేట చెరువు కట్ట మీద రాయికి ఆనుకుని కూచున్నాడట. కునుకు తీస్తున్నాడనుకుని యాదయ్య రెండుసార్లు పిలిచి, పలక్కపోతే కదిపి చూశాడట. ఊళ్ళో డాక్టరు నాడి చూసి గుండె అని చెప్పి వెళ్ళాడు. మచ్చ బొల్లారంలో మా పక్కింటి ఫోనుకు కబురు వచ్చేసరికి ఎనిమిదిన్నర. నేనూ మా ఆయనా ఇక్కడికి చేరేసరికి పది కావస్తోంది. తమ్ముడు బబ్లూ గండిమైసమ్మ దగ్గర లారీ దిగి, ఎవరిదో బండి అడిగి తీసుకుని మేడ్చల్ మీదుగా వస్తున్నాడు, పదకొండుకల్లా వస్తాడు. వాడు వచ్చాకే స్నానం, వాడు వచ్చాకే పాడె. అంటే నాకు గంట ఉంది. మనిషి పోయాక కీళ్ళు ఒకదాని తరువాత ఒకటి బిగుసుకుంటాయి. మొదట దవడ, తరువాత మెడ, ఆ తరువాత భుజాలు, మోచేతులు, అన్నిటికన్నా చివర మోకాళ్ళు. డిగ్రీలో చదువుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. పెద్దనాయిన ఏ డిగ్రీ చదవకుండానే, నేను రాకముందే, నాయిన దవడకు గుడ్డ కట్టాడు, మోకాళ్ళు చాపి సరిచేశాడు, కాలి బొటనవేళ్ళు కలిపి ముడేశాడు. ఏది ముందు బిగుస్తుందో ఆయన చేతులకు తెలుసు. తెలియనిది ఒక్కటే, ఆ కుడి భుజం సంగతి.

నేను మా బళ్ళో ఏడో తరగతికి సైన్సు చెబుతాను. కీళ్ళ పాఠం వచ్చిందంటే నాకు పండగ. కొబ్బరి చిప్ప సగం, అందులో పట్టే రబ్బరు బంతి, పాత తలుపు బందు ఒకటి, బొంగరం ఒకటి సంచిలో వేసుకుని పోతాను. తలుపు బందు చూపించి ఇది మోచెయ్యి, ఇది మోకాలు, ఇటొక్క వైపే ముడుచుకుంటుంది, అటు తిప్పుదామంటే ఒప్పుకోదు అంటాను. బొంగరం తిప్పి ఇది మెడ, అవునూ కాదూ అనడానికి పనికొచ్చేది అంటాను, పిల్లలందరూ తలలు తిప్పి తిప్పి నవ్వుతారు. మణికట్టులో చిన్న చిన్న ఎముకలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. పుర్రెలో ఎముకల మధ్య కుట్లు వేసినట్టుంటాయి, అవి కదలని కీళ్ళు. చివరికి కొబ్బరి చిప్పలో బంతి పెట్టి ఇలా ఇలా తిప్పి, ఇది బంతి గిన్నె కీలు, పైకీ కిందికీ ముందుకూ వెనక్కూ చుట్టూతా ఎటైనా తిరుగుతుంది, ఒంట్లో ఇంత స్వేచ్ఛ ఇంకే కీలుకూ లేదు అంటాను. పోయినేడు నయన అనే పిల్ల లేచి, టీచర్, బంతి చిప్పలోంచి బయటికొస్తే ఎట్ల అని అడిగింది. రాదమ్మా కూచో, అన్నాను. అబద్ధం. తుంటి గిన్నె కుండలాగా లోతు, దాంట్లోంచి బంతి అంత తేలిగ్గా రాదు. భుజం గిన్నె మూకుడులాగా పల్చన. ఎటైనా తిరగాలి కనుక దాన్ని లోతుగా చెయ్యలేదు. ఎక్కువ తిరిగే కీలే ఎక్కువ జారుతుంది. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవక ముందు, తొమ్మిదో తరగతిలో, నా కుడి కాలి మడమతో నేర్చుకున్నాను.

నాయిన వల విసిరేటప్పుడు చూసినవాళ్ళు ఇవాళ ఈ వాకిట్లో చాలామందే ఉన్నారు. పళ్ళతో ఒక అంచు పట్టి, మోచేతి మీద మడతలు వేసి, నడుము తిప్పి వదిలితే వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని నీళ్ళ మీద ఒక్కసారే అంతా పడేది. మోచెయ్యి విప్పుకునేది, మణికట్టు జారేది, భుజం ఆకాశాన్ని చుట్టి వచ్చేది. ఒంట్లో ఉన్న కీళ్ళన్నీ ఒకటే మాట మీద నిలబడేవి. తొంభై మూడులో వానలు బాగా పడి చెరువు నిండిన ఏడు, పెద్దవల లాగుతుండగా నీళ్ళడుగున ఏదో మొద్దుకు తట్టుకుని వల ఆగిపోయింది, నాయిన కుడి చెయ్యి ఆగలేదు. భుజం జారింది. చలికి పట్టేసిందని చెప్పి గట్టెక్కి, చొక్కా కప్పుకుని ఇంటికొచ్చి, అమ్మ పొలం పనికి పోయింది కనుక నన్ను వెంటబెట్టుకుని పక్క ఊళ్ళో కట్లు కట్టే వీరయ్య తాత దగ్గరికి పోయాడు. దారంతా ఎడమ చేత్తో కుడి చేతిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచాడు. వీరయ్య తాత నాయినను నేల మీద పడుకోబెట్టి, తన మడమ చంకలో పెట్టబోయి, ఆగి నా కాలి వంక చూశాడు. "నా కాలు మొద్దుకాలు, నీ సంకల వట్టదు. గీ పిల్ల మడిమె సరిపోతది. ఇటు రా బిడ్డా. గిది ఒక్కసారితోని పోయేది గాదు. ఇగ మల్ల మల్ల జారుతది. నువ్వు నేర్సుకో." నేను ఏడ్చాను. నాయిన మీద కాలెలా పెడతాను? పొరపాటున కాలు తగిలితేనే తాకి కళ్ళకు అద్దుకునే ఇల్లు మాది. నాయిన పళ్ళు బిగబట్టి నవ్వాడు. "పెట్టు బిడ్డా. కడుపుల ఉన్నప్పుడు మీ అమ్మను తన్నలేదా, ఇప్పుడు నన్ను తన్ను."

తువ్వాలను ఉండలా చుట్టి చంకలో పెట్టి, దాని మీద మడమ ఆనించి, రెండు చేతులా మణికట్టు పట్టుకోవాలి. గుంజకూడదు. "తాడు గుంజినట్టు గుంజకు. నీళ్ళల్ల వల దీసినట్టు మెల్లగ తియ్యి. వట్టుకోని కూసో. కండ పంతం వడుతది. దానికంటె ఎక్కువ పంతం నువ్వు వట్టు. అలిసిపోయి అదే ఇడుస్తది" అన్నాడు వీరయ్య తాత. కండ నిజంగానే పంతం పట్టేది. భుజం చుట్టూ ఉన్న కండరాలన్నీ బెదిరిపోయి ఆ ఊడిన ఎముకను పిడికిట్లో పెట్టుకున్నట్టు బిగబట్టేవి. ఊరికే పట్టుకుని వెనక్కి వాలి కూచుంటే, ఐదు నిమిషాలకో పది నిమిషాలకో, నా మడమ కింద ఒక వణుకు పుట్టి, ఆ బిగువు కొంచెం సడలి, అప్పుడు టక్కున, తలుపు గడియ పడ్డట్టు, లోపలికి పోయేది. నాయిన గొంతులోంచి "హమ్మా" అని ఒకటే మాట వచ్చేది. "ఎక్కిందా నాయినా?" అని అడిగేదాన్ని. "ఎక్కింది బిడ్డా. ఇగ కాలు తియ్యి" అనేవాడు. ఆ తరువాత చెయ్యి అటు తిప్పి ఎడమ భుజం మీద పెట్టుకుని చూసుకునేవాడు, అది అందితే భుజం సరిగ్గా కూచున్నట్టు. నేను వంగి ఆయన రొమ్మును తాకి కళ్ళకు అద్దుకునేదాన్ని. "దవఖాన డాక్టరు పైసలు గుంజుతడు, మా డాక్టరు రెక్క గుంజి, తన్ని పోతది" అని వెక్కిరించేవాడు.

రెక్కాడితే గాని డొక్కాడదు అంటారు. మా ఇంట్లో అది సామెత కాదు, పొద్దున్నే కనపడే సంగతి. పెద్దవలకు పద్దెనిమిది మంది, ఇటు తొమ్మిది అటు తొమ్మిది. మెడ లోతు నీళ్ళలో ఒక్కడి చెయ్యి వదిలేసినా వల కిందికి జారి చేపంతా పోతుంది, పక్కవాడు మునిగే ప్రమాదం కూడా. భుజం జారే మనిషి పక్కన ఎవరూ నిలబడరు. వల పెద్ద గాలయ్య పెద్దనాయినకు తెలిస్తే తమ్ముడని కూడా చూడడు, గట్టు మీద కూచోబెట్టి బుట్టలు మొయ్యమంటాడు. "ఎవ్వలకు జెప్పకు బిడ్డా. మీ అమ్మకైతె అసలే వద్దు, నన్ను చెరువుకు పోనియ్యది" అన్నాడు నాయిన ఆ రోజు తిరిగి వస్తూ. చెప్పలేదు. పదకొండేళ్ళు. మొదట్లో ఏడాదికోసారి, తరువాత రెండు నెలలకోసారి. పదో తరగతి లెక్కల పరీక్ష పొద్దున, హాల్ టికెట్ జేబులో పెట్టుకుని. ఒకసారి మా గేదెల కొట్టంలో, దూడ వచ్చి నా జుట్టు నాకుతుంటే. నా పెళ్ళి రోజు తెల్లవారుజామున పందిరి గుంజ ఎత్తబోయి జారితే, వెనక గదిలో తలుపు గడియ పెట్టుకుని, మధుపర్కం చీర మోకాళ్ళ పైకి ఎగదోసుకుని. పారాణి ఇంకా ఆరలేదు. నా మడమ అచ్చు ఎర్రగా ఆయన తెల్ల బనియను మీద చంక పక్కన పడింది. ఆయన దాని మీద కొత్త చొక్కా వేసుకుని అదే చేత్తో కాళ్ళు కడిగి నన్ను అప్పగించాడు. ఆ బనియను ఎవరు ఉతికారో నేనెన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడెందుకో గుర్తొస్తోంది.

అమ్మ ఎదురుగా కూచుంది. నాయిన పాదాల దగ్గర. ఏడవడం లేదు. వచ్చిన వాళ్ళంతా వచ్చి అమ్మను పట్టుకుని ఏడ్చి వెళుతున్నారు, ఆమె వాళ్ళ వీపులు నిమిరి పంపుతోంది, వాళ్ళ ఇంట్లో ఎవరో పోయినట్టు. చచ్చినోని కండ్లు చారెడంటారు, ఎవరో నాయిన ఒక్కడే పెద్దవల లాగేవాడని చెబుతున్నారు, ఇంకెవరో ఆయన విసిరితే వల అవతలి గట్టున పడేదని. నిజానికి ఆయన బాగానే విసిరేవాడు. అంతకన్నా గొప్ప మాట ఏం కావాలి? నేను నాయిన తల మెల్లగా కదిపి చూశాను. బొంగరం తిరగడం లేదు. నేను వచ్చినప్పుడు ఇటు తిరిగింది, ఇప్పుడు తిరగడానికి మొరాయిస్తోంది. మెడ అయిపోయింది. తరువాత భుజమే. నా కూతురు పుట్టిన పదకొండో రోజు ఈ చెయ్యే దాని మాడు మీద ఆముదం పెట్టింది. పుర్రె ఎముకలు ఇంకా కలవని ఆ మెత్తటి చోట వేలు పెట్టడానికి భయపడి, వేలి కొసతో తాకి, "కొట్టుకుంటాంది బిడ్డా, లోపట చేపపిల్ల లెక్క కొట్టుకుంటాంది" అన్నాడు. ఆ వేళ్ళు ఇప్పుడు నీలంగా ఉన్నాయి. గోళ్ళలో చెరువు మట్టి. గడియారంలో పదీ ఇరవై.

చెప్పొచ్చు. పెద్దనాయినా, ఆ చెయ్యి ఊడింది, నేను ఎక్కిస్తాను, జరగండి అనొచ్చు. ఎందుకనడం లేదు? తండ్రి శవం మీద కాలు పెట్టిన ఆడదని ఊరంతా చెప్పుకుంటుంది, నిజమే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, పదకొండేళ్ళు ఆయన ప్రాణంలా దాచుకున్న గుట్టు వల లాగే వాళ్ళందరి ముందు నేను విప్పాలి, అదీ నిజమే. కానీ ఇవేవీ కాదు, నాకు తెలుసు. భుజం ఊడిందని చెబితే ఎప్పుడు ఊడింది అంటారు. నిన్న అని చెప్పాలి. నీకెట్లా తెలుసు అంటారు. నా దగ్గరికే వచ్చాడు కనుక తెలుసు అని చెప్పాలి. నేను దాస్తున్నది నాయిన గుట్టు కాదు. నాది.

నిన్న శనివారం, ఒంటిపూట బడులు. ఒంటిగంటకు ఇల్లు చేరేసరికి మా ఆడబిడ్డ లలితకుమారి, వాళ్ళాయన వచ్చి ఉన్నారు. తూంకుంటలో ఏదో ప్లాటు చూడటానికి వచ్చి, దారిలో మమ్మల్ని చూసిపోదామని. కోడికూర వండాను. మాది రెండు గదుల ఇల్లు, ముందు గదిలో మగవాళ్ళు, వెనక గదిలో మేము. రెండింటికి నాయిన గుమ్మంలో నిలబడ్డాడు. రెండు బస్సులు మారి వచ్చాడు. ఎడమ చేతిలో పాలిథిన్ సంచి, అందులో రెండు కొర్రమీనులు ఇంకా కదులుతున్నాయి. కుడి చెయ్యి చొక్కా గుండీల మధ్య దోపుకుని ఉంది. ముఖం చూడగానే నాకు తెలిసింది. చెమట, పెదవుల చుట్టూ తెలుపు. "ఏంది మామా, చెయ్యి గట్ల వెట్టుకున్నవ్?" అని మా ఆయన అడిగాడు. "ఏం లేదు అల్లుడా, జర పట్టేసింది" అన్నాడు. కూచున్నాడు. నా వైపు చూసి, కళ్ళతో వెనక గది చూపించాడు. ఇన్నేళ్ళుగా మా ఇద్దరికీ అదే సైగ. వెనక గదిలో లలితకుమారి నా కూతురికి జడ వేస్తోంది. నేను టీ ఇచ్చాను. ఎడమ చేత్తో అందుకున్నాడు, సాసరులో పోసుకోలేక గ్లాసుతోనే తాగాడు. లలితకుమారి గుమ్మంలోకి వచ్చి చూసి, నవ్వి, "మీ నాయిన ఎడమ చేతి వాటమా వదినా?" అంది.

అవును, అన్నాను.

ఆ ఒక్క మాట. నాయిన విన్నాడు. గ్లాసు కింద పెట్టి, నిజమే అన్నట్టు ఎడమ చేత్తో మీసం తుడుచుకున్నాడు. నా అబద్ధాన్ని ఆయన నిలబెట్టాడు. బయట పంపు దగ్గరికి తీసుకుపోయి చెప్పాను, మెల్లగా, చుట్టూ చూసుకుంటూ. "ఇప్పుడు గాదు నాయినా. ఇంట్ల సుట్టాలున్నరు. వాళ్ళ ముంగట తలుపేసుకుంటె ఏమనుకుంటరు? దవఖానకు పో. ఇంకెన్నేండ్లు నేను గీ పని చెయ్యాలె? ఐతారం వస్త, అన్ని మాట్లాడుకుందాం." ఇంకెన్నేండ్లు అన్నాను. నోటికి వచ్చిందే అన్నాను. ఆయన నా ముఖం చూసి, "సరే బిడ్డా. ఐతారం రా" అన్నాడు. చేపలు ఇవాళే వండమని, రేపటికి పాడైపోతాయని చెప్పాడు. మలుపు దాకా చూశాను. వీరయ్య తాత దగ్గరికి పోయిన నాటిలాగే ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తుకుని నడిచాడు. ఈసారి పక్కన నేను లేను.

దవాఖానకు పోలేదు. ఎందుకు పోతాడు? డాక్టరు కట్టు కడితే ఊరంతా చూస్తుంది. రాత్రంతా ఆ నొప్పితో ఎలా పడుకున్నాడో. పొద్దున ఒంటిచేత్తో ఏం వల తీద్దామని చెరువుకు పోయాడో. ఆ నొప్పికే గుండె ఆగిందా, ఆగవలసిందే ఆగిందా? ఏ డాక్టరూ చెప్పడు, నేను ఎవరినీ అడగను. ఒక్కటి మాత్రం తెలుసు, నిన్న పది నిమిషాలు తలుపు వేసుకుని ఉంటే ఆ నొప్పి ఉండేది కాదు. లలితకుమారి ఏమనుకునేది? ఏమీ అనుకునేది కాదు. జడ పూర్తి చేసి, పిల్లకు రిబ్బను కట్టి, ప్లాటు ధర గురించి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయేది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. నాయిన కుడి చెయ్యి పట్టుకున్నాను. మోచెయ్యి ఇంకా ముడుచుకుంటోంది, తలుపు బందు ఇంకా పనిచేస్తోంది. పైన, భుజం గుండ్రంగా ఉండవలసిన చోట, చొక్కా కింద చదునుగా, మూల దిగినట్టుగా ఉంది. ఇంతమంది చూస్తున్నారు, ఎవరికీ కనపడదు. తెలిసిన వాళ్ళకే కనపడుతుంది.

పదీ నలభై. మేడ్చల్ దాటాడని బబ్లూ ఎక్కడి నుంచో ఫోను చేశాడట, ఎవరో వచ్చి చెప్పారు. గాలయ్య పెద్దనాయిన లేచి నడుముకు తువ్వాల బిగించాడు. కాగులో నీళ్ళు మరిగాయి. "కొడుకు రాంగనె నీళ్ళు పోద్దాం. గీ చెయ్యి ఇట్ల వెట్టుకుంటె పాడె మీద పట్టదు. యాదీ, నువ్వు భుజం ఒత్తి వట్టు, నేను మోచెయ్యి గుంజుత. ఇద్దరం ఒక్కసారె నొక్కుదాం."

"ఇరుగుతదేమోనే" అన్నాడు యాదయ్య.

"ఇరిగితె ఇరగనీ. సచ్చినంక నొప్పేడిదిరా?"

యాదయ్య నాయిన భుజం మీద అరచెయ్యి పెట్టాడు. సరిగ్గా అక్కడే, ఎముక వచ్చి కూచున్న చోటే. పదకొండేళ్ళలో ఆ చోట ఎవరైనా గట్టిగా చెయ్యి వేస్తే నాయిన ముఖంలో ఏం జరిగేదో నాకు తెలుసు. ఇప్పుడు ముఖంలో ఏమీ లేదు. అది చూడలేకపోయాను.

"ముట్టకుండ్రి!"

నా గొంతే. బడిలో కూడా ఎన్నడూ అంత పెద్దగా అరవలేదు. వాకిలంతా నా వైపు తిరిగింది. డప్పు దరువు సరిచేసుకుంటున్న వాళ్ళు ఆపేశారు. మా ఆయన గేటు దగ్గర నుంచి రెండడుగులు ఇటు వేసి ఆగాడు. పెద్దనాయిన, "ఏమైంది బిడ్డా, ఊకో" అని నా భుజం పట్టుకోబోయాడు.  అందరికీ అన్నీ చెప్పే నోరు, బంతి గిన్నె అని బోర్డు మీద బొమ్మలు వేసేదాన్ని, నాకు ఒక్క వాక్యం దొరకడం లేదు. రెక్క జారింది, అనాలి. నిన్ననే జారింది, అనాలి. నేను పంపించేశాను, అనాలి.

"రెక్క జారింది" అన్నాను. "నిన్ననె జారింది. నా దగ్గరికొచ్చిండు. నేనే పొమ్మన్న."

 వాళ్ళకు అర్థమైందో లేదో నాకు తెలియదు. అమ్మ లేచింది. పొద్దుటి నుంచి కూచున్న మనిషి, మోకాళ్ళు పట్టేసి, గోడ పట్టుకుని లేచింది. దండెం మీద నాయిన తువ్వాల ఉంది. దాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి, కొసలు లోపలికి దోపి ఉండ చుట్టడం మొదలుపెట్టింది. సరిగ్గా నేను చుట్టినట్టే. సరిగ్గా చంకలో పట్టేటంత. నేను నోరు తెరిచి చూస్తున్నాను. "పెండ్లినాటి బనీను నేను ఉతకలేదా?" అంది అమ్మ, నా వైపు చూడకుండా. "పారాణి ఎన్ని నీళ్ళు మార్చినా పోలె. నాకు తెల్వదని ఆయన అనుకున్నడు, అట్లనె అనుకోనీ అని ఊకున్న. నిన్న రాత్రి మాత్రం నొప్పికి ఓర్వలేక చెప్పిండు. నేనే వట్టి గుంజుతనంటె వద్దన్నడు. బిడ్డ ఐతారం వస్తనన్నది, గప్పటిదాంక ఓర్సుకుంట అన్నడు." తువ్వాల ఉండ నా చేతిలో పెట్టింది. "ఐతారమే గద ఇయ్యాల. ఎక్కియ్యి."

పెద్దనాయిన నా కాళ్ళ వంకా, నాయిన భుజం వంకా చూశాడు.  వల పెద్ద. పదకొండేళ్ళు తన పక్కనే నీళ్ళలో నిలబడి లాగిన చెయ్యిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఆ తరువాత వెనక్కి తిరిగి, "మొగోల్లంత అటు మర్లుండ్రి" అన్నాడు, తనే ముందు తిరిగాడు.

నాయిన పక్కన చాప మీద కూచున్నాను. తువ్వాల చంకలో పెట్టాను. కుడి కాలు చాపి మడమ ఆనించాను. చల్లగా ఉంది. ఎప్పుడూ ఇక్కడ వెచ్చగా, చెమటగా, చేప వాసనతో ఉండేది. రెండు చేతులా మణికట్టు పట్టుకున్నాను, నీళ్ళలో వల తీసినట్టు మెల్లగా వెనక్కి వాలాను. ఆయన కండ పంతం పడుతుందని, ఐదు నిమిషాలో పది నిమిషాలో పట్టుకుని కూచోవాలని, మడమ కింద ఆ వణుకు కోసం చూడాలని నా ఒళ్ళంతా సిద్ధమై ఉంది. పంతం పట్టడానికి అక్కడ ఎవరూ లేరు. ఏ బిగువూ లేదు. బిగుసుకోవడం ఇంకా అక్కడిదాకా రాలేదు, భయం ఎప్పుడో పోయింది. నేను సరిగ్గా పట్టుకోక ముందే, టక్కు అనే చప్పుడు కూడా లేకుండా, ఎముక దాని చోటికి అది పోయింది. ఇంత తేలిక. ఇంత తేలికైన పనికి నిన్న నేను పది నిమిషాలు ఇవ్వలేదు.

చెయ్యి తెచ్చి ఎడమ భుజం మీద పెట్టి చూశాను, ఆయన చూసుకున్నట్టే. అందింది. రొమ్ము మీద పెట్టాను. ఉంది, కదలకుండా ఉంది, ఎడమ చేతి పక్కన. ఇప్పుడు ఏమీ అడగడం లేదు. వీధి మలుపులో బండి ఆగిన చప్పుడు, బబ్లూ గొంతు పెద్దగా నాయినా అని. నా కాలు ఇంకా అక్కడే ఉంది. తియ్యాలని తెలుసు, తియ్యలేకపోతున్నాను. తీస్తే ఇక మళ్ళీ పెట్టే పని లేదు. అలవాటు చొప్పున, ఆయన ముఖంలోకి వంగి అడిగాను.

"ఎక్కిందా నాయినా?"

వెనక నుంచి అమ్మ చెయ్యి నా తల మీద పడింది.

"ఎక్కింది బిడ్డా" అంది అమ్మ. "ఇగ కాలు తియ్యి."